ఒంగోలు ఎడ్ల ట్రైలర్ లాగడానికి సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఎంచుకోవడం ఎలా?

బండలాగుడు పోటీలకు ఎడ్లను సొంత ట్రైలర్‌లో తీసుకువెళ్ళాలనుకునే రైతు పాత బండి కొనడానికి వెళ్ళినప్పుడు ముందుగా రంగు చూస్తాడు, తర్వాత ఏసీ వేసి చూస్తాడు, చివరికి మీటరులో కిలోమీటర్లు చూసి బేరం మొదలుపెడతాడు. ట్రైలర్‌ను లాగేవి ఈ మూడూ కావు. లాగేది చాసీ, క్లచ్, గేరుబాక్సు, వాటి వెనక ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు. వీటిని ఎవరూ వంగి చూడరు.

ముందుగా బరువు లెక్క వేసుకోండి. ఎదిగిన ఒంగోలు ఎద్దు 500 కిలోలకు తగ్గదు; సీనియర్స్ విభాగానికి మేపిన ఎద్దు అంతకంటే బాగా ఎక్కువ తూగుతుంది. జతకు 1,200 కిలోలు, ఇనుప ట్రైలర్‌కు 600 నుంచి 700 కిలోలు వేసుకుంటే మొత్తం 1,900 కిలోల దగ్గరకు వస్తుంది. నిండు ట్రైలర్ బరువు దాన్ని లాగే బండి సొంత బరువును మించకూడదన్నది నియమం. కంపెనీ పుస్తకంలో అంతకంటే తక్కువ రాసి ఉంటే పుస్తకం మాటే చెల్లుతుంది. ఇంత బరువున్న ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి. లెక్క దాటిన జత అయితే ఆ రోజుకు లారీ కిరాయికి మాట్లాడుకోండి.

బండి రకం గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. పాల పళ్ళ జతకో రెండు పళ్ళ జతకో, అంటే ఇంకా ఎదగని లేత ఎడ్లకు, మహీంద్రా బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ డ్రైవ్ సరిపోతుంది. పెద్ద జతకు స్కార్పియో గెటవే గాని, 2016 నుంచి మన పక్కనే శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు వి-క్రాస్ గాని చూడండి. నా ఓటు గెటవేకే, ఎందుకంటే అందులో ఉన్నది స్కార్పియో ఇంజనే కాబట్టి ఏ ఊరి మెకానిక్ అయినా దాని మీద చెయ్యి వేయగలడు. పాత థార్ మాత్రం వద్దు. బురదలో దానికి సాటి లేకపోయినా, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం తక్కువ కావడం వల్ల జాతీయ రహదారి 16 మీద వేగంగా వెళ్ళేటప్పుడు ఎడ్లు ఒక పక్కకు జరిగితే ట్రైలర్ బండి తోకను పట్టి ఊపేస్తుంది.

పికప్ తొట్టిలోనే ఎక్కించుకుంటే పోయేదానికి ట్రైలర్ ఎందుకని అడిగేవారున్నారు. తొట్టి ఎత్తుకు ఎద్దును ఎక్కించాలంటే గట్టు వెతకాలి, దించేటప్పుడు అది దూకాలి, దూకినప్పుడు కాలు బెణికితే ఆ సంవత్సరం పోటీలు పోయినట్టే. ట్రైలర్ అడుగు మోకాలి ఎత్తులో ఉంటుంది. తలుపును వెనక్కి వాల్చితే ఎద్దు నడిచి దిగుతుంది. ట్రాక్టరు కట్టుకోవచ్చు కదా అంటే, కనిగిరి నుంచి కావలి దాకా ట్రాక్టరు వెనక కుదుపులు తిన్న ఎడ్లు దిగీ దిగగానే బండ లాగవు. ఫోర్ వీల్ డ్రైవ్ అవసరం దారిలో రాదు, తిరునాళ్ళ మైదానంలో వస్తుంది. ముందురోజు వాన పడిన నల్లరేగడిలో వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండి ట్రైలర్‌తో సహా కూరుకుపోతే దాన్ని బయటికి లాగడానికి మళ్ళీ ఎడ్లనే కట్టాలి.

ఇక అందరూ తప్పు చేసే చోటికి వద్దాం. అది చాసీ. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అమ్మకానికి వచ్చే పికప్‌లలో చాలావాటికి రొయ్యల చెరువుల చరిత్ర ఉంటుంది. ముత్తుకూరు, విడవలూరు, తుమ్మలపెంట, కొత్తపట్నం వంటి తీరప్రాంతం వైపు తిరిగిన బండి తడి ఏరేటర్లను, ఐసు పెట్టెలను, ఉప్పునీరు కారే ట్రేలను మోసి ఉంటుంది. ఉప్పు గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది, తడిసిన ఇనుము త్వరగా తుప్పు పట్టేలా చేస్తుంది. అందుకే ఎండలో నిలిపినా ఆ తుప్పు ఆగదు. పొదిలి, కనిగిరి, ఉదయగిరి వంటి మెట్ట ప్రాంతంలో తిరిగిన బండికి గీతలు, సొట్టలు ఎక్కువగా ఉండవచ్చు గాని చాసీ గట్టిగా ఉంటుంది. ఏపీ 26, ఏపీ 27 అన్న పాత నంబర్లు జిల్లాను చెప్తాయే తప్ప బండి సముద్రం పక్కన తిరిగిందో మెట్టలో తిరిగిందో చెప్పవు; 2019 నుంచి వచ్చిన ఏపీ 39 జిల్లాను కూడా చెప్పదు.

కాబట్టి బండిని కడగక ముందే ఒకసారి చూస్తానని అమ్మేవారికి చెప్పండి. మడ్‌గార్డుల లోపలి అంచుల్లో ఎండిన బురదను గోటితో గీకితే తెల్లటి ఉప్పు పొర గాని, చిన్న చిన్న గుల్లలు గాని రాలితే విషయం అర్థమైపోతుంది. తర్వాత వాటర్ సర్వీసింగ్ చేసే చోట ర్యాంపు ఎక్కించి కింద అంతా కడిగించండి. ర్యాంపు లేకపోతే ఆ పరీక్ష వాయిదా వేయండి గాని, జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరవద్దు. నేల మెత్తగా ఉంటే జాకీ ఒరిగిపోతుంది, ఒరిగినప్పుడు తప్పుకునే సమయం ఉండదు.

కింద నల్లరంగు కొత్తగా నిగనిగలాడుతుంటే సంతోషించకండి, అనుమానించండి. పదేళ్ళ బండి పొట్ట కింద కొత్త రంగు వేశారంటే అది పైన పటారం, లోన లొటారం. చిన్న సుత్తి తీసుకుని చాసీని ముందు నుంచి వెనక దాకా జానెడు దూరానికి ఒకసారి తట్టుతూ రండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పొరలు లేచిన ఇనుము మొద్దుగా పలుకుతుంది. మోగని చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. పెచ్చులు ఊడితే ఇంకా లోతుకు చూడాలి, మొన లోపలికి దిగితే అక్కడితో బేరం ఆపాలి. కమాను కట్టలు చాసీకి తగిలే చోట్లను, హుక్కు బిగించవలసిన వెనక అడ్డపట్టీని, నీరు కారడానికి వదిలిన రంధ్రాల చుట్టుపక్కలను రెండుసార్లు తట్టండి, ఎందుకంటే బురద చేరి ఉండేది అక్కడే, ఎడ్ల బరువు పడేదీ అక్కడే. రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేసిన చాసీని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. అమ్మేవారు తెలిసినవారన్న మొహమాటంతో ఈ పని సగంలో ఆపకూడదు.

ర్యాంపు మీద ఉండగానే ముందు చక్రాల మధ్య డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల గుండు), దానికి వెళ్ళే షాఫ్టు ఉన్నాయో లేదో చూడండి. ఫోర్ వీల్ డ్రైవ్ అన్న స్టిక్కరు బజారులో దొరుకుతుంది, షాఫ్టు దొరకదు. ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ కొంచెం దించి చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు వెళ్ళిందని అర్థం. తర్వాత దున్నిన పొలంలోకో ఇసుకలోకో తీసుకెళ్ళి ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగే స్థానంలో) వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి. ముందు చక్రాలు లాగుతున్న బండికి స్టీరింగ్ బిగుసుకున్నట్టు ఉంటుంది. ఇదే పని తారురోడ్డు మీద చేస్తే ఆ పెట్టెను మీరే పాడుచేసినవారవుతారు. నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ‘ఫోర్ లో’ స్థానంలోకి మార్చేటప్పుడు బండి ఆగి ఉండాలి. మొదటి గేరులో ఆక్సిలరేటర్ తొక్కకుండానే అది పాకుతూ పోవాలి, గరగర చప్పుడు రాకూడదు.

నాలుగు టైర్లూ ఒకే సైజువి, ఇంచుమించు ఒకే అరుగుదలవి అయి ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్ వేసినప్పుడల్లా ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది. టైరు పక్కన 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. క్లచ్ కోసం హ్యాండ్‌బ్రేక్ వేసి, మూడో గేరులో పెడలు మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోతే మంచిది, ఆగకుండా తిరుగుతుంటే క్లచ్ ఖర్చు ధరలో తగ్గించమనండి.

కాగితాల పని సులువు. ఆర్‌సీలోని చాసీ నంబరు బండి మీద చెక్కిన నంబరుతో సరిపోవాలి, ఫైనాన్స్ ఉంటే ఫారం 35తో తీయించాలి, పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు డబ్బు ఇచ్చేటప్పుడే తీసుకోవాలి. చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే కనుక దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే బీమా కావాలి. ఎడ్లను తరలించేటప్పుడు అవి ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నాయని పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం వెంట ఉండాలి.

చివరిగా హుక్కు. దాన్ని బంపరుకు కాక చాసీ రెండు పట్టీలకూ బోల్టులతో బిగించమనండి, వెల్డింగ్ ఒప్పుకోవద్దు. ఎడ్లు ఎక్కిన తర్వాత ట్రైలర్ నేలకు సమంగా ఉండేలా హుక్కు ఎత్తు సరిచేయించి, ట్రైలర్ బ్రేకు లైట్లు, ఇండికేటర్లు వెలుగుతున్నాయో లేదో షెడ్డులోనే చూసుకుని బండి బయటికి తీయండి.