ఫోన్ బ్యాటరీ ఎప్పుడు మార్చాలి? షాపుకు వెళ్లేముందు ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

ఫోన్‌లో ఛార్జింగ్ నిలవడం లేదని ఎవరితోనైనా అని చూడండి. ముందు వచ్చే సలహా ‘కొత్తది తీసుకో’. మూడేళ్లు వాడిన ఫోన్‌లో డిస్‌ప్లే బాగుంది, కెమెరా బాగుంది, మాట స్పష్టంగా వినిపిస్తోంది. అరిగింది బ్యాటరీ ఒక్కటే. దాని కోసం పదిహేను, ఇరవై వేలు పోయడం అన్యాయం. అలాగని ఛార్జింగ్ దిగిపోతున్న ప్రతి ఫోన్‌కూ బ్యాటరీ మారిస్తే చాలనీ కాదు. తప్పు ఎక్కడుందో తేల్చుకున్నాకే జేబులోంచి డబ్బు తీయాలి. ఆ తేల్చుకునే పని చాలావరకు ఇంట్లో కూర్చునే చేయవచ్చు.

ముందు బ్యాటరీ ఎందుకు అరుగుతుందో చూద్దాం. ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. ఇది వాడకంతో అరుగుతుంది, వాడకపోయినా వయసుతో అరుగుతుంది. లోపలి గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీద సన్నని పొర ఒకటి ఏర్పడి, ఏళ్లు గడిచేకొద్దీ మందమవుతుంది. కొంత లిథియం అందులో చిక్కుకుపోయి ఇక పనికిరాదు. వేడి పెరిగితే ఈ పని ఇంకా వేగంగా సాగుతుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో నెల్లూరు, ఒంగోలు 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఆ ఎండలో బైక్ హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, మ్యాప్ పెట్టుకుని, పైగా ఛార్జింగ్ కేబుల్ కూడా తగిలించి తిరిగే డెలివరీ కుర్రాళ్ల ఫోన్లను తలచుకోండి. చీమకుర్తి క్వారీల్లో, కొండపి వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసేవాళ్ల ఫోన్లదీ అదే పరిస్థితి. ఇక్కడి బ్యాటరీలకు ప్రధాన శత్రువు వేడే అని నా నమ్మకం. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచడం దాని తర్వాతి సంగతి.

1. తప్పు బ్యాటరీదేనా?

సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగం తెరిస్తే ఏ యాప్ ఎంత తింటోందో వరుసగా కనిపిస్తుంది. మీరు పెద్దగా వాడని యాప్ పైవరుసలో ఉంటే దాన్ని తీసేసి రెండు రోజులు చూడండి. కొత్త సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక కూడా కొన్నాళ్లు ఛార్జింగ్ త్వరగా దిగుతుంది. లోపల సర్దుబాట్లు జరుగుతుంటాయి, అంతవరకు ఆగాలి.

సిగ్నల్ సంగతి చాలామంది పట్టించుకోరు. టవర్ దూరమైతే ఫోన్ దాన్ని అందుకోవడానికి ఎక్కువ శక్తి ఖర్చు పెడుతుంది. నల్లమల అంచున దోర్నాల, ఎర్రగొండపాలెం దాటి లోపలికి వెళ్లేవాళ్ల ఫోన్‌లో ఛార్జింగ్ సాయంత్రానికే అయిపోతోందంటే దోషం బ్యాటరీది కాకపోవచ్చు. అదే ఫోన్ ఒంగోలులో ఒక రోజంతా నిలిస్తే బ్యాటరీ బాగున్నట్టే.

ఛార్జింగ్ ఎక్కడమే లేదంటే ముందు వేరే ఛార్జర్, వేరే కేబుల్ పెట్టి చూడండి. లాల్చీ జేబులోని నూలుపోగులు ఛార్జింగ్ పోర్టులో చేరి గట్టిపడతాయి. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసు, సూది మాత్రం పెట్టవద్దు.

2. ఎంత మిగిలిందో చూడండి

ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ హెల్త్ అని వెళితే శాతం కనిపిస్తుంది. ఐఫోన్ 15 నుంచి ఎన్ని సైకిళ్లు అయ్యాయో కూడా చూపిస్తుంది. సైకిల్ అంటే ఒకేసారి నూరు నుంచి సున్నాకు రావడం కాదు. ఇవాళ 60 శాతం, రేపు 40 శాతం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్లకు, 15 నుంచి 1000 సైకిళ్లకు 80 శాతం సామర్థ్యం నిలిచేలా తయారుచేశామని ఆపిల్ చెబుతోంది. ఐరోపా యూనియన్‌లో 2025 జూన్ నుంచి అమలైన నిబంధన 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం ఉండాలంటోంది. మన దగ్గర అమ్మే ఫోన్లకూ అలాంటి షరతు ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

శామ్‌సంగ్ ఫోన్ అయితే శామ్‌సంగ్ మెంబర్స్ యాప్‌లో ఫోన్ పరీక్షల విభాగం ఉంటుంది, అక్కడ బ్యాటరీ స్థితి తెలుస్తుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో కంపెనీని బట్టి మారుతుంది. సెట్టింగ్స్ పైన ఉండే వెతికే పెట్టెలో ‘బ్యాటరీ హెల్త్’ అని కొట్టి చూడండి. ఏమీ రాకపోతే అక్యుబ్యాటరీ అనే యాప్ ఉంది. దాన్ని పెట్టిన రోజే వచ్చే అంకెను నమ్మవద్దు. కొన్నిసార్లు ఛార్జింగ్ పెట్టి తీశాక అంచనా కుదురుకుంటుంది.

3. చేత్తో చేసే రెండు పరీక్షలు

అంకెకంటే ఈ పరీక్షలే నాకు ఎక్కువ నమ్మకం. మొదటిది: ఫోన్‌ను నూరు శాతానికి తెచ్చి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వెలుతురు సగానికి తగ్గించి, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న వీడియోను గంటసేపు నడపండి. ఎంత దిగిందో రాసుకోండి. నెల తర్వాత అదే వీడియోతో, అదే వెలుతురుతో మళ్లీ చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఛార్జింగ్ 25, 30 శాతం దగ్గర ఉన్నప్పుడు ఫ్లాష్ వేసి వీడియో తీయండి. ఫోన్ టక్కున ఆగిపోయిందా? ఛార్జర్ పెట్టగానే మళ్లీ 20 పైన చూపిస్తోందా? అయితే బ్యాటరీ లోపలి నిరోధకత, అంటే కరెంటును అడ్డుకునే గుణం, బాగా పెరిగింది. ఎక్కువ కరెంటు ఒక్కసారిగా అడిగితే వోల్టేజీ పడిపోతుంది, ఫోన్ తనను తాను ఆపేసుకుంటుంది. సామర్థ్యం 85 శాతం చూపిస్తున్నా సరే, ఇలా పదేపదే ఆగే బ్యాటరీని మార్చాల్సిందే. పాత ఐఫోన్లు ఇలా ఆగిపోకుండా వాటి వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. ఫోన్ నెమ్మదించిందని మనం అనుకునేదానికి కారణం కూడా ఒక్కోసారి బ్యాటరీయే.

4. ఉబ్బితే ఆలోచన వద్దు

పౌచ్ తీసి ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టండి. కెమెరా ఎత్తు వల్ల కాకుండా మధ్యలో పొంగి ఊగుతోందా? తెర అంచు లేచిందా, వెనక మూత పక్కన సందు పడిందా? అయితే లోపల గ్యాస్ చేరి బ్యాటరీ ఉబ్బింది. వెంటనే ఛార్జింగ్ తీసి, స్విచాఫ్ చేయండి. నొక్కి సరిచేయాలని చూడవద్దు, గుచ్చవద్దు. మంచం మీద, గుడ్డల మధ్య ఉంచవద్దు. ‘ఇంకా పనిచేస్తోంది కదా, జీతం వచ్చాక చూద్దాం’ అని వాయిదా వేసే విషయం కాదిది. ఉబ్బిన ఫోన్‌ను దిండు పక్కన పెట్టుకుని పడుకునేవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ రోజే తీసేయించండి.

5. మార్చాలా వద్దా?

5000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జింగ్ పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ 80 శాతానికి వచ్చిందంటే చేతిలో ఉన్నది 4000. అది చాలా, చాలదా అన్నది మీ పనిని బట్టి ఉంటుంది. ఇంటిపట్టున ఉండి, పక్కనే ప్లగ్ ఉన్న అమ్మమ్మకు 75 శాతం కూడా హాయిగా సరిపోతుంది. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే రైతుకు మాత్రం సరిపోదు. కరెంటు పోయి గుంటల నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగినప్పుడు జనరేటర్ మనిషికి ఫోన్ చేయాల్సిన క్షణంలో అది ఆరిపోతే పోయేది పంట. అలాంటివాళ్లు 85 దగ్గరే మార్పించుకున్నా తప్పులేదు.

ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోండి. ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా? బ్యాంకు, యూపీఐ వాడే ఫోన్‌కు ఇది ముఖ్యం. అప్‌డేట్లు ఆగి చాలాకాలమైతే కొత్త బ్యాటరీ మీద ఖర్చు తగ్గించుకోవడమే మేలు. రెండోది, బ్యాటరీ మార్చే ఖర్చు ఆ ఫోన్ ఇప్పుడు అమ్మితే వచ్చే ధరలో మూడోవంతు లోపు ఉందా? ఉంటే నేనైతే సందేహించకుండా బ్యాటరీయే మారుస్తాను. సగం దాటితే కొత్త ఫోన్ గురించి ఆలోచించవచ్చు.

6. ఎక్కడ, ఎలా మార్పించాలి?

మొదటి చోటు కంపెనీ సర్వీస్ సెంటర్. కనిగిరి, మార్కాపురం, ఉదయగిరి నుంచి బస్సెక్కేముందు ఫోన్ చేసి మీ మోడల్ బ్యాటరీ స్టాకు ఉందా, రేటెంత అని కనుక్కోండి. లేకపోతే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు రెండూ దండగ.

నెల్లూరు ట్రంకురోడ్డులోనో ఒంగోలు ట్రంకురోడ్డులోనో బయటి షాపులో చేయిస్తున్నారా? చెయ్యి తిరిగిన మెకానిక్కులు అక్కడ చాలామందే ఉన్నారు, కానీ బ్యాటరీ పెట్టకముందే దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో వస్తుంది. పాత బ్యాటరీ 5000 ఉన్నచోట అదే సైజులో 7000 అని రాసి ఉంటే పెట్టించుకోవద్దు, అంత కొలతలో అంత పట్టదు. తయారీ తేదీ కూడా చూడండి, రెండేళ్లు డబ్బాలో మగ్గిన బ్యాటరీ కొత్తది కాదు. వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి.

ఫోన్ ఇచ్చేముందు ఫొటోలు బ్యాకప్ చేసుకుని, సిమ్, మెమరీ కార్డు తీసి జేబులో వేసుకోండి. పాస్‌వర్డ్ చెప్పవలసిన పని లేదు, బ్యాటరీ మార్చడానికి అది అక్కర్లేదు. కొన్ని శామ్‌సంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్ ఉంది, అది ఆన్ చేస్తే మీ ఫొటోలు, మెసేజ్‌లు మెకానిక్‌కు కనిపించవు. ఒక్కసారి విప్పాక నీళ్లను తట్టుకునే గుణం ముందులాగా ఉంటుందని అనుకోవద్దు. ఆ ఫోన్‌తో మైపాడు బీచ్‌లో అలల్లోకి దిగకండి.

7. కొత్త బ్యాటరీ వేశాక

మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలన్నది పాతకాలపు బ్యాటరీల మాట, దీనికి వర్తించదు. ఛార్జింగ్‌ను 80 దగ్గర ఆపే సదుపాయం ఫోన్‌లో ఉంటే ఆన్ చేయండి. ఎండలో నిలిపిన కారులో ఫోన్ వదలకండి. ఛార్జింగ్‌లో వేడెక్కితే పౌచ్ తీయండి, ఫ్యాను గాలికి పెట్టండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల చెమ్మ చేరుతుంది. బైక్ మీద మ్యాప్ తప్పనిసరైతే ఫోన్ జేబులో పెట్టి ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకోండి.

పాత బ్యాటరీని మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకండి. చెత్తను నొక్కినప్పుడు అది చిట్లితే మంటలు లేస్తాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులదే కాబట్టి సర్వీస్ సెంటర్‌లోనే ఇచ్చి రండి. ఇంటికి తేవాల్సి వస్తే దాని కనెక్టర్ మీద టేపు చుట్టి, పిల్లలకు అందని చోట, గచ్చునేల మీద విడిగా ఉంచండి.