డాక్టర్ దగ్గర మీకు కావలసింది అడగడం ఎలా?

పాత చీటీలు తేదీల వరసలో పెట్టుకోండి. వాడుతున్న మందుల అట్టలు, ఖాళీవైనా సరే, పట్టుకెళ్లండి. "తెల్ల మాత్రండీ" అంటే ఎవరికీ అర్థం కాదు. వెంట ఒక్కరే రావాలి. ఇద్దరొస్తే మీ బాధ కూడా వాళ్లే చెప్పేస్తారు. ఏం బాధ, ఎన్నాళ్లుగా, ఇప్పటిదాకా ఏం వాడారు అన్న మూడూ కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో వద్దు, సరిగ్గా మీ వంతుకే అది మోగుతుంది.

అందరూ చెడగొట్టేది నాలుగోది: అసలు ఎందుకొచ్చారు? "రెండు వారాలుగా దగ్గు" అనేది బాధ మాత్రమే. ఇంట్లో ఒకరికి టీబీ ఉంది కాబట్టి భయమేసి వచ్చారా, రాత్రుళ్లు నిద్ర లేక వచ్చారా? మీరు చెప్పకపోతే డాక్టర్ ఊహించుకుంటారు. గట్టి మందు కోసం వచ్చారనుకుంటే అక్కర్లేని యాంటీబయాటిక్ చీటీలోకి ఎక్కుతుంది.

అదీ మొదటి వాక్యంలోనే చెప్పాలి. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ 1984లో అచ్చువేసిన పరిశోధనలో, రోగి మాట మొదలెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డొచ్చారు. మన ఓపీ రద్దీలో అంతకన్నా ఓపిక ఆశించకండి. "డాక్టరు గారూ, రెండు వారాలుగా దగ్గు. మా నాన్నకి టీబీ ఉంది, నాకూ అంటిందేమోనని భయం. కఫం టెస్టు చేయించాలా?" ఇంతే, పది సెకన్లు.

వైద్యం పేరు మాత్రం మీరు చెప్పొద్దు. "సెలైన్ పెట్టండి" అంటే పెట్టేవాళ్లు దొరుకుతారు, చిక్కంతా అక్కడే. 500 మి.లీ. నార్మల్ సెలైన్‌లో ఉండేది నీళ్లు, 4.5 గ్రాముల ఉప్పు. బలం ఎక్కడిది? "నెల నుంచి నీరసం, మెట్లెక్కితే ఆయాసం" అనండి. రక్తం తక్కువుందో, షుగరుందో వాళ్లు వెతుకుతారు. నెట్‌లో చదివిన రోగం పేరుతో మొదలెట్టడమూ ఇలాంటిదే. డాక్టర్ ఆ పేరు కాదని చెప్పడంలో పడిపోతారు, మీ బాధ పక్కకి పోతుంది.

రెండో సమస్య ఉంటే లేచేటప్పుడు కాదు, కూర్చోగానే చెప్పండి: "రెండు విషయాలండీ. మోకాలు, మూత్రంలో మంట." మొహమాటపడే విషయమే ఎప్పుడూ గుమ్మం దగ్గర బయటపడుతుంది, అప్పటికి తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేసి ఉంటారు.

చివర్లో మాత్రలు తిండికి ముందా, తర్వాతా? ఏది కనిపిస్తే వెంటనే రావాలి? ఇవి అడిగి, అక్కడే చీటీ వెనక రాసుకోండి.