'నాకు తెలుసు' అనుకున్నది నిజంగా తెలుసో లేదో పరీక్షించుకోవడం ఎలా?

మా చిన్నాయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేలో నడుస్తుంటే వెనకాలే నేనూ నడిచాను. అనంతపురం దగ్గర మా ఊళ్లో బోరు పాయింటు ఇలాగే చూస్తారు. పీచు తీసి, జుట్టు మాత్రం ఉంచిన టెంకాయను చేతిలో అడ్డంగా పెట్టుకుంటారు. నీళ్లున్న చోటికి రాగానే అది లేచి నిలబడుతుందని నమ్మకం. ఆ రోజు చింతచెట్టుకు పది అడుగుల దూరంలో నిలబడింది. చిన్నాయన అక్కడ ఒక రాయి పెట్టి, "ఈడ నీళ్లుండాయప్పా, నాకు తెలుసు" అన్నాడు.

అప్పటికి ఆయన వేసిన బోర్లు నాలుగు. నీళ్లు పడింది ఒక్కదాంట్లో. మిగతా మూడింటి అప్పు ఇంకా తీరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో "నాకు తెలుసు" అన్న మాట ఖరీదు లక్షల్లో ఉంటుంది. తెలియడానికీ నమ్మడానికీ తేడా ఏమిటి అన్న ప్రశ్నను తత్వవేత్తలు రెండు వేల ఏళ్లకు పైగా తవ్వుతున్నారు. మనం దాన్ని వాళ్లకే వదిలేయక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, పెన్ను, ఓ ఖాళీ సాయంత్రం చాలు. మీకు బాగా తెలుసు అనుకునే సంగతి ఒకటి ఎంచుకోండి. మీ అబ్బాయి లెక్కల్లో వీక్ అన్నది కావచ్చు, పరగడుపున నిమ్మకాయ నీళ్లు తాగితే బరువు తగ్గుతారన్నది కావచ్చు. నేను బోరు సంగతే తీసుకుంటాను.

1. తప్పు అని తేలే వీలున్న వాక్యంగా రాయండి

"ఇక్కడ నీళ్లుంటాయి" అన్న వాక్యం ఎప్పటికీ ఓడిపోదు. వెయ్యి అడుగులు దింపాక అరించు నీళ్లు (బోరు ధారను ఇంచుల్లోనే చెబుతారు) పడినా "చెప్పానా లేదా" అనొచ్చు. అందుకని ఇలా రాయండి: "ఇక్కడ 400 అడుగుల లోపల రెండించుల నీళ్లు పడతాయి." కింద తేదీ వేయండి. "మావాడు లెక్కల్లో వీక్" అన్నదాన్ని "పది భిన్నాల కూడికలు ఇస్తే సగానికి పైగా తప్పు చేస్తాడు" అని మార్చండి. రాసేటప్పుడు పెన్ను ఆగిపోతే కంగారు పడొద్దు. ఇన్నాళ్లూ మనసులో ఉన్నది ఎంత పలచని మాటో అప్పుడే తెలుస్తుంది.

2. ఆ సంగతి మీ దాకా ఏ దారిన వచ్చిందో చూడండి

తెలుసుకోవడానికి న్యాయశాస్త్రం నాలుగు దారులు చెబుతుంది. న్యాయశాస్త్రమంటే ఇక్కడ కోర్టుల చట్టం కాదు, మన ప్రాచీన తర్కశాస్త్రం. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు వీటిని కొత్తగా చదువుకునేవాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పాడు. కళ్లతో చూసి, చెవులతో విని నేరుగా తెలుసుకుంటే ప్రత్యక్షం. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తేల్చుకుంటే అనుమానం. మనం ఇప్పుడు డౌటు అనే అర్థంలో వాడే అనుమానం కాదిది, గుర్తును బట్టి తేల్చడం. గవయం అనే జంతువు ఆవులా ఉంటుందని ముందే విని, అడవిలో దాన్ని చూసి పోల్చుకుంటే ఉపమానం. నమ్మదగినవాళ్లు చెప్పగా తెలిస్తే శబ్దం. ప్రాచీన భారతంలోని నాస్తికులైన చార్వాకులైతే ప్రత్యక్షం తప్ప వేరే దారినే ఒప్పుకోలేదు.

మీ వాక్యం పక్కన ఈ నాలుగింటిలో ఏదో రాయండి. చాలావాటికి "శబ్దం" అనే వస్తుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు. మీ పుట్టినరోజు మీకెలా తెలుసు? అమ్మ చెప్పింది. ఆ రోజు మీరు అక్కడే ఉన్నా మీకు గుర్తు లేదు. ఇతరుల మాట తీసేస్తే మనకు మన వయసు కూడా మిగలదు. అడగాల్సినవి రెండే: చెప్పినవాళ్లకు ఆ సంగతి తెలిసే వీలుందా? ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్లేనా? వాట్సాప్‌లో వచ్చిన ఆరోగ్య చిట్కాను మొదట ఎవరు రాశారో తెలియదు కాబట్టి, ఈ రెండు ప్రశ్నలూ అడగడానికి అక్కడ మనిషే ఉండడు.

చిన్నాయన దగ్గర మూడు దారులు కలిసిపోయి ఉన్నాయి. టెంకాయ నిలబడటం ప్రత్యక్షం. దాన్ని బట్టి కింద నీళ్లున్నాయనడం అనుమానం. టెంకాయ నిలబడితే నీళ్లుంటాయన్నది మా అబ్బ, అంటే తాత, చెప్పిన మాట. అది శబ్దం. మూడూ ముద్దయి ఒకే "తెలుసు"గా బయటికి వచ్చాయి. విడదీసి చూస్తే మొదటిదాన్ని ఎవరూ కాదనలేరు, రెండోది మూడోదాని మీద ఆనుకుని ఉంది. పరీక్ష పెట్టాల్సింది మూడోదానికే.

3. తెలియనివాళ్లకు చెబుతున్నట్టు కాగితం మీద వివరించండి

2002లో రోజెన్‌బ్లిట్, కైల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు మనుషులను జిప్పు, తాళం లాంటి మామూలు వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకు ఎంత తెలుసని అడిగారు. బాగానే తెలుసన్నవాళ్లు, వివరంగా రాయమన్నాక తమకు తామే మార్కులు తగ్గించుకున్నారు.

నేను మోటారు మీద ప్రయత్నించాను. బోరు మోటారును అన్ని అడుగులు కిందికి దించడం ఎందుకు, పైన పెట్టి నీళ్లు లాగలేమా? ఏళ్ల తరబడి స్టార్టరు నొక్కిన నాకు జవాబు రాలేదు. తర్వాత తెలుసుకున్నది ఇది: పైనుంచి లాగడం అంటే పైపులో గాలి తీసేయడమే. అప్పుడు నీటిని పైకి నెట్టేది బయటి గాలి పీడనం. అది సుమారు 10 మీటర్లకు మించి నెట్టలేదు. అందుకే పాత బావుల్లో మోటారును నీళ్లకు దగ్గరగా దించి పెట్టేవాళ్లు. బోరులోనైతే మోటారే నీళ్లలో మునిగి కిందినుంచి తోస్తుంది.

4. మీ మాట తప్పయితే ఏం కనిపించాలో ఆలోచించి, దాన్నే వెతకండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. ముందు ఇంట్లోవాళ్లతో ఒక ఆట ఆడండి. దీన్ని 1960లో పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగంగా చేశాడు. మీరు మనసులో ఒక నియమం పెట్టుకుని, దానికి సరిపోయే ఉదాహరణగా 2, 4, 6 అని చెప్పండి. ఎదుటివాళ్లు మూడేసి అంకెలు చెబుతుంటే, సరిపోయిందో లేదో మాత్రం చెప్పండి. చాలామంది 8, 10, 12 అంటారు, 20, 22, 24 అంటారు. అన్నిటికీ సరే అని వస్తుంది. "రెండేసి పెరిగే సంఖ్యలు" అని ధీమాగా తేల్చేస్తారు. అసలు నియమం "ఏవైనా పెరుగుతూ పోయే సంఖ్యలు". 1, 2, 50 అని ఒక్కసారి అడిగి ఉంటే బయటపడేది. తమ ఊహకు సరిపోని అంకెలు అడగాలని చాలామందికి తోచదు.

బోర్ల విషయంలోనూ అంతే. నీళ్లు పడిన బోరు దగ్గర మోటారు ఉంటుంది, పసుపు కుంకుమ ఉంటుంది, పచ్చటి చేను ఉంటుంది. పడని బోరు మీద ఒక బండ ఉంటుంది. (ఆ బండైనా తప్పక వేయండి, మూత లేని బోరులో పిల్లలు పడిపోతారు.) దారిన పోయేవాళ్లకు కనిపించేది మొదటిదే. అందుకే ఊళ్లో టెంకాయ చూసి వేసిన బోర్లన్నీ రాయండి, పడనివాటితో సహా. టెంకాయ చూడకుండా వేసినవీ రాయండి. ఈ రెండో పట్టీ లేకపోతే మొదటిదానికి అర్థం లేదు. ఎక్కడ తవ్వినా కొన్నిట్లో నీళ్లు పడనే పడతాయి కదా.

తర్వాత నేనే టెంకాయ పట్టుకున్నాను. కళ్లు తెరిచి నడిస్తే రెండుసార్లూ చిన్నాయన రాయి దగ్గరే నిలబడింది, ఒళ్లు జలదరించింది. అప్పుడు మా తమ్ముడితో కళ్లకు టవలు కట్టించుకుని, నాలుగు చుట్లు తిప్పించుకుని ఐదుసార్లు నడిచాను. నాలుగుసార్లు నాలుగు వేరే చోట్ల నిలబడింది, ఒకసారి నిలబడనే లేదు. రాయి దగ్గరికి ఒక్కసారీ రాలేదు. అరచేతిలో టెంకాయ కోడిగుడ్డులాగే దొర్లడానికి సిద్ధంగా ఉంటుంది. వేళ్ల మొదళ్లు నూలుపోగంత వంగినా చాలు, లేస్తుంది. నా వేళ్లు వంగినట్టు నాకే తెలియలేదు. మనసులో ఉన్న ఆలోచనే మన ప్రమేయం లేకుండా కండరాన్ని కదిలించగలదని విలియం కార్పెంటర్ అనే వైద్యుడు 1852లోనే చెప్పి, దానికి పేరు కూడా పెట్టాడు. కాబట్టి టెంకాయ చూసేవాళ్లంతా మోసగాళ్లు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. మా చిన్నాయన చేతిని ఆయన మనసే కదిపింది.

అయితే ఆ మనసుకు ఏమీ తెలియదా? మా గట్టిరాతి నేలలో నీళ్లు రాతి బీటల్లో ఉంటాయి. నలభై ఏళ్లు ఆ నేల మీద తిరిగినవాడి కన్ను వంక, అంటే వాగు, ఎటు వాలిందో, ఏ చెట్టు ఎండాకాలంలోనూ పచ్చగా ఉందో చూస్తూనే ఉంటుంది. చెట్లనూ చెదపుట్టలనూ బట్టి భూమిలో నీటిని ఊహించే పద్ధతుల్ని వరాహమిహిరుడు 6వ శతాబ్దంలోనే వివరించాడు. చిన్నాయన కన్ను పసిగట్టింది టెంకాయ ఖాతాలో జమ అవుతోందేమో. మీకూ ఇలాంటిది ఉండొచ్చు: జవాబు సరైనదే, అదెలా వచ్చిందో మీరు చెప్పే కారణం మాత్రం వేరు. నోటుపుస్తకంలో ఈ రెండూ విడివిడిగా రాయండి.

5. నిజమైపోయింది కాబట్టి తెలిసినట్టే అనుకోకండి

రాయి పెట్టిన చోట రేపు నీళ్లు పడ్డాయే అనుకుందాం. అప్పుడు చిన్నాయనకు తెలిసినట్టా? 8వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు ఇలాంటి కథే చెప్పాడు. దాహంతో ఉన్నవాడికి దూరాన ఎండమావి కనిపించింది. నీళ్లని నమ్మి వెళ్లాడు. ఎండమావి లేదుగానీ, అదే చోట ఒక రాతి కింద నిజంగానే నీళ్లు దొరికాయి. అతను నమ్మింది నిజమే, నమ్మడానికి కారణమూ ఉంది, అయినా తెలిసిందని అనలేం. 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ తత్వవేత్త మూడు పేజీల వ్యాసంలో ఈ చిక్కునే వేరే ఉదాహరణలతో చూపించి, పాశ్చాత్య తత్వశాస్త్రంలో పెద్ద చర్చకే తెర తీశాడు.

మీ వాక్యం నిజమైన రోజున ఇంకో గీత గీసి ఇలా రాయండి: "ఇదే పద్ధతిలో ఇంకో పదిసార్లు చూస్తే ఎన్నిసార్లు నిజమవుతుంది?" ఓడినప్పుడు ఎవరైనా కారణం వెతుకుతారు. గెలిచినప్పుడు వెతకడమే కష్టం.

6. సంశయాన్ని సంశయంగానే రాసుకోండి

దూరాన కనిపించేది మోడా, మనిషా అని ఎటూ తేలకపోతే అది సంశయం. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకుంటే అది విపర్యయం. రెండూ సరైన జ్ఞానం కావనే అన్నంభట్టు అన్నాడు. నా మటుకు మొదటిది ఎంతో మేలు. సంశయం ఉన్నవాడు దగ్గరికి వెళ్లి చూస్తాడు. నూటికి ఎన్ని పాళ్లు నమ్మకమో ఒక అంకె వేయండి. అంకె తోచకపోతే, ఈ మాట మీద ఎంత అప్పు చేయగలరో అడగండి. మా ఊళ్లో ఇది ఉత్త ప్రశ్న కాదు.

7. ఇదే పరీక్ష ఇంకొకరికి పెట్టేటప్పుడు

"నీకెలా తెలుసు?" అని మొహం మీద అడిగితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. నేనూ మొదట అలాగే అడిగాను, చిన్నాయన రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక సాయంత్రం, "చిన్నాయనా, మొట్టమొదట ఎట్ల చూసినావు?" అన్నాను. గంటసేపు చెప్పాడు. అబ్బ వెంట నడవడం, పుట్ట పక్కన ఆగడం, మట్టిని వేళ్లతో నలిపి వాసన చూడటం, అన్నీ. చివర్న నన్నే అడిగాడు, "కళ్లకు టవలు కట్టుకున్నావంట కదా, ఏమైంది?" అని. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఇప్పుడు మా చేలో రెండు రాళ్లున్నాయి. ఒకటి చింతచెట్టు దగ్గర చిన్నాయన పెట్టింది, రెండోది మిషన్‌తో భూమిని పరీక్షించిన జియాలజిస్టు పెట్టించింది. రెండింటికీ నోటుపుస్తకంలో లోతు, ఇంచులు, తేదీ రాసి ఉన్నాయి. చిన్నాయన తన రాయికి నూటికి అరవై వేశాడు. బోరు బండిని ఎప్పుడు పిలవాలో ఇంకా అనుకోలేదు, పాత అప్పులో ఒక కంతు కట్టాక చూద్దాం అంటున్నాడు.