ఇంట్లో సొంతంగా రంగులు, అలంకరణ మొదలుపెడుతున్నారా? ముందు ఆ కుర్చీ పక్కన పెట్టండి

మా అన్నయ్య మడమ ఎముక విరిగి మంచం మీదున్నాడు. ఎంత ఎత్తు నుంచి పడ్డాడో తెలుసా? ప్లాస్టిక్ కుర్చీ మీది నుంచి. గట్టిగా మోకాలెత్తు.

రెండు రోజులు హాలుకి తనే రంగు వేసుకున్నాడు. పక్కింటివాళ్ళని అడిగి నిచ్చెన తెచ్చుకున్నాడు, జాగ్రత్తగానే ఎక్కాడు, దిగాడు. పని అయిపోయిందని నిచ్చెన తిరిగి ఇచ్చేశాడు. రాత్రి లైటు వేసి చూస్తే సీలింగ్ అంచున అరచేయంత చోట పాత రంగు అలాగే ఉండిపోయింది. ఆ కాస్తకి మళ్ళీ నిచ్చెన ఏం అడుగుతాంలే అని కుర్చీ లాక్కుని ఎక్కాడు. రంగు చుక్కలు పడకుండా పరిచిన ప్లాస్టిక్ షీటు ఇంకా నేల మీదే ఉంది. కుర్చీ కాళ్ళు ఆ షీటు మీద ఉన్నాయి. బ్రష్ ఇంకో జానెడు దూరం అందాలని పక్కకి వంగాడు, షీటుతో పాటు కుర్చీ జారిపోయింది. ఇప్పుడు వారాల తరబడి ఆ కాలు కింద పెట్టడానికి లేదు.

తక్కువ ఖర్చుతో ఇంటిని మార్చుకోవడం నాకూ ఇష్టమే. పాత చెక్కతో అర చేయడం, సీసాలతో దీపాలు చేయడం, వెలిసిపోయిన బీరువాకి కొత్త రంగు వేయడం, ఇవన్నీ ఏళ్ళుగా చేస్తున్నాను. నా చుట్టూ చేసేవాళ్ళనీ చూస్తున్నాను. రంపంతో కోసుకున్నవాళ్ళకంటే, కరెంటు షాక్ తిన్నవాళ్ళకంటే, కుర్చీ మీది నుంచి పడినవాళ్ళనే నేను ఎక్కువమందిని చూశాను. పిల్లల్ని దూరంగా ఉంచండి, పదునైన వస్తువులతో జాగ్రత్త అని మీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఈ కుర్చీ సంగతే, అందుకే ముందు దీంతోనే మొదలుపెడుతున్నాను.

కుర్చీ ఎందుకు వద్దు

కుర్చీ కూర్చోవడానికి చేసిన వస్తువు. కూర్చున్నప్పుడు బరువు సీటంతా పరుచుకుని నాలుగు కాళ్ళ మీదికీ వెళ్తుంది. నిలబడితే ఒంటి బరువంతా రెండు పాదాల కిందే దిగుతుంది, అదీ ఏదో ఒక అంచుకి దగ్గరగా. ప్లాస్టిక్ కుర్చీని ఏళ్ళ తరబడి ఎండలో ఉంచితే పెళుసుబారుతుంది. పైకి ఏ తేడా కనిపించదు. ఒకరోజు కాలు ఫట్‌మని విరుగుతుంది. విరగకపోయినా నున్నటి టైల్స్ మీద ఆ కాళ్ళు బయటికి సాగి జారతాయి.

మనం చేసే పని కూడా అలాంటిదే. తల వెనక్కి వాల్చి సీలింగ్ వైపు చూస్తుంటే ఒళ్ళు తూలుతున్న సంగతి మనకే తెలియదు. ఒక చేతిలో బ్రష్, ఇంకో చేతిలో డబ్బా. పట్టుకోవడానికి దగ్గర్లో ఏమీ ఉండదు. ఎత్తు తక్కువే కదా అని ధైర్యం చేస్తాం గానీ, తక్కువ ఎత్తు నుంచి పడితే సర్దుకునే వ్యవధి అసలు ఉండదు. చెయ్యి ఊనితే మణికట్టు, కాళ్ళ మీద పడితే మడమ, పక్కకి పడితే తుంటి. పెద్దవయసువాళ్ళకి తుంటి విరిగితే మళ్ళీ మునుపటిలా నడవడం చాలా కష్టం. వెనక్కి పడితే తలకి తగిలేది టీపాయ్ అంచే.

కుర్చీ అంటే కుర్చీ ఒక్కటే అనుకోకండి. బోర్లించిన బకెట్, మంచం మీద వేసిన స్టూలు, కిటికీ గట్టు, పెయింట్ డబ్బా, చక్రాలున్న ఆఫీసు కుర్చీ, అన్నీ అదే లెక్క. "నేను పట్టుకుంటాలే, నువ్వు ఎక్కు" అని ఇంకొకరు కింద నిలబడినా అదే లెక్క. పడే మనిషి బరువుని కింద ఉన్నవాళ్ళు ఆపలేరు, పైగా ఇద్దరికీ దెబ్బలు.

డబ్బు మిగుల్చుకోవాలంటే రంగులో మిగుల్చుకోండి, అలంకరణలో మిగుల్చుకోండి. నిచ్చెన దగ్గర మాత్రం మిగుల్చుకోవద్దు. కొనలేకపోతే అద్దెకి తెచ్చుకోండి, అరువు అడగండి. అది దొరికేదాకా పై పని ఆపండి.

నిచ్చెన తెచ్చాక కూడా కొన్ని ఉన్నాయి. రెండు కాళ్ళుగా తెరుచుకునే నిచ్చెనని పూర్తిగా తెరవండి, మధ్యలో ఉండే పట్టీలు గట్టిగా బిగుసుకున్నాయో లేదో చేత్తో నొక్కి చూడండి. దాన్ని మడిచి గోడకి ఆనించి ఎక్కొద్దు, అది అందుకు చేసింది కాదు. అన్నిటికంటే పై మెట్టు మీదా, దాని కింది మెట్టు మీదా నిలబడొద్దు. పని చేస్తున్నంతసేపూ మీ బొడ్డు నిచ్చెన రెండు పక్క కమ్మీల మధ్యే ఉండాలి. బొడ్డు కమ్మీ దాటిందంటే మీరు ఎక్కువ వంగినట్టే. దిగండి, నిచ్చెన జరపండి, మళ్ళీ ఎక్కండి. విసుగే, కానీ అంతకంటే దారి లేదు. గోడకి ఆనించే రకమైతే ప్రతి నాలుగు అడుగుల ఎత్తుకి కింది భాగం ఒక అడుగు దూరంలో ఉండాలి. ఇంకొకటి, నిచ్చెన కాళ్ళ కింద ప్లాస్టిక్ షీటు ఉండకూడదు. ఆ మేరకి షీటు వెనక్కి మడిచేయండి.

గోడకి బెజ్జం పెట్టే ముందు

స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా, సరిగ్గా కిందా, అదే వరసలో పక్కలకీ డ్రిల్ పెట్టొద్దు. గోడలో వైర్లు సాధారణంగా అలా నిలువుగానో అడ్డంగానో వెళ్తాయి. పాత ఇళ్ళలో ఆ పద్ధతీ ఉండదు, ఏటవాలుగా లాగేసి ఉంటారు. అందుకే వైర్లు కనిపెట్టే చిన్న మిషన్ దొరికితే వాడండి, బాత్రూమ్ గోడకైతే పైపుల సంగతి కూడా చూసుకోండి. లైటు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు. వైరింగ్ తారుమారుగా ఉంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. మెయిన్ ఆపండి, ఆపాక టెస్టర్‌తో చూడండి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందుగా కరెంటు ఉన్న చోట ఒకసారి పెట్టి చూసుకోండి.

డ్రిల్ బిట్ గోడలో ఏ ఇనుప ఊచకో పట్టేసిందంటే మిషన్ గిర్రున తిరిగి మీ చేతిని మెలిపెడుతుంది. నేల మీద నిలబడి ఉంటే మణికట్టు నొప్పితో పోతుంది. కుర్చీ మీద నిలబడి ఉంటే మిమ్మల్ని కిందికి విసిరేస్తుంది.

పాత రంగు గీకడం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఒకప్పుడు పెయింట్లలో సీసం కలిపేవారు. ఇళ్ళలో వాడే రంగుల్లో దాన్ని అమెరికా 1978లో నిషేధించింది, చాలా దేశాలు అంతకంటే ఎంతో ఆలస్యంగా మేలుకున్నాయి. పాత ఇంటి తలుపుని, పాత ఊయలని పొడిగా సాండ్‌పేపర్‌తో రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది. పాకే పిల్లలు చేతులు నేల మీద పెట్టి నోట్లో పెట్టుకుంటారు. పిల్లల మెదడుకి ఇంత సీసమైతే ఫరవాలేదు అనే కొలత ఏదీ లేదు. ఇల్లు పాతదైతే ఆ రంగు గీకొద్దు. పెచ్చులు లేవకపోతే దాని మీదే కొత్త రంగు వేయండి. గీకక తప్పదంటే ఆ పని తెలిసినవాళ్ళకి ఇవ్వండి. పాత సిమెంటు రేకుల్లో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ నార ఉండొచ్చు, వాటిని కోయొద్దు, బెజ్జం పెట్టొద్దు, రుద్దొద్దు.

గాలి, నిప్పు

రంగు పలుచన చేసే థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు. అది పైకి పోదు, నేల మీద నీళ్ళలా పాకుతుంది. ముందు గదిలో మీరు తలుపుకి వార్నిష్ వేస్తుంటే వంటగదిలో పొయ్యి మంట దాకా అది తలుపు సందుల్లోంచి వెళ్ళగలదు. కాబట్టి అలాంటి పని చేసేటప్పుడు పొయ్యి ఆర్పేయండి, ఎదురెదురు కిటికీలు తెరవండి. గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు. దుమ్ము కోసం వాడే ఎన్95 కూడా ఆపదు. బొగ్గు ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి. తల తిరుగుతున్నట్టు అనిపిస్తే అప్పటికే ఎక్కువ పీల్చారని అర్థం, బయటికి రండి. ఆ తల తిరుగుడుతో నిచ్చెన మీదుంటే ఏమవుతుందో మళ్ళీ చెప్పక్కర్లేదు.

చాలామందికి తెలియనిది నూనె గుడ్డల సంగతి. చెక్కకి మెరుపు కోసం అవిసె నూనె రాస్తారు. తుడిచిన గుడ్డని ఉండగా చుట్టి మూల పడేస్తే, ఆ నూనె గాలితో కలిసి ఆరుతూ వేడి పుట్టిస్తుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. ఆ గుడ్డల్ని ఆరుబయట విడివిడిగా పరిచి గట్టిగా ఆరాకే పారేయండి, లేదా మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి అందులో ముంచి ఉంచండి.

సీసా చుట్టూ స్పిరిట్‌లో తడిపిన దారం కట్టి, వెలిగించి, నీళ్ళలో ముంచి కోసే పద్ధతి ఉంది కదా. మంట ఆరిపోయిందనుకుని డబ్బాలోంచి మళ్ళీ స్పిరిట్ పోస్తారు. స్పిరిట్ మంట పగటి వెలుతురులో కంటికి సరిగా ఆనదు. మంట ధార పట్టుకుని చేతిలో ఉన్న డబ్బాలోకి ఎగబాకుతుంది. ఆ పని మానేయండి. సీసా కోసే చిన్న పరికరాలు దొరుకుతాయి, గీత గీసి వేడినీళ్ళూ చన్నీళ్ళూ మార్చి పోస్తే చాలు.

ఇక మిగిలినవి వరసగా చెప్పుకుపోతాను.

కుర్చీ ఎక్కొద్దు.

తిరిగే మిషన్‌తో పనిచేసేటప్పుడు వదులు గ్లవ్స్ వద్దు. చున్నీ వద్దు, వదులు జుట్టు వద్దు. చిక్కుకుంటే మిషన్ చేతినే లాక్కుంటుంది.

యాంగిల్ గ్రైండర్‌కి, అంటే ఇనుము, టైల్స్ కోసే చేతి మిషన్‌కి, చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించొద్దు. బ్లేడుని కప్పి ఉంచే గార్డు విప్పొద్దు. ఎవరు విప్పమన్నా విప్పొద్దు.

సూపర్ గ్లూ నూలు గుడ్డ మీద ఒలికితే చర్మం కాలేంత వేడి పుడుతుంది. నూలు గ్లవ్స్‌తో దాన్ని ముట్టుకోవద్దు.

గ్లూ గన్ జిగురు దాదాపు 200 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చర్మం మీద పడితే పీకొద్దు, తోలు ఊడివస్తుంది. అలాగే 20 నిమిషాలు పంపు నీళ్ళ కింద పెట్టండి.

కలిపితే గట్టిపడే ఎపాక్సీ ద్రవాలు, రెసిన్, హార్డెనర్, ఎక్కువ మోతాదులో ఒకే కప్పులో కలిపి ఉంచేయొద్దు, పొగలు కక్కుతుంది. పలుచటి పొరలుగా పోయండి. చర్మానికి తగలనీయొద్దు. దానికి ఒకసారి ఎలర్జీ వచ్చిందంటే జీవితాంతం ఉంటుంది.

తడి సిమెంటులో మోకాళ్ళు ఆనించి కూర్చోవద్దు. మొదట్లో మంటే తెలియదు, తెలిసేసరికి చర్మం కాలి ఉంటుంది.

సరుకులు పేర్చే పాత చెక్క ప్యాలెట్ తెస్తే దాని మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసింది. ఎంబీ అని ఉంటే విషవాయువుతో చేసింది, ఇంట్లోకి తేవొద్దు. ముద్రే లేకపోతే అది కూడా తేవొద్దు.

మరకలు పోవాలని బ్లీచ్‌లో యాసిడ్ కలపొద్దు. అమ్మోనియా ఉన్నదీ కలపొద్దు. బ్లీచ్‌లో నీళ్ళు తప్ప ఏదీ కలపొద్దు.

ఎల్‌ఈడీ స్ట్రిప్ చుట్ట విప్పకుండా వెలిగించొద్దు.

బీరువా, పుస్తకాల అర, పొడవాటి సొరుగుల పెట్టె ఏది చేసినా, ఏది జరిపినా గోడకి బిగించండి. పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు. మీరు ఎక్కిన కుర్చీని చూసి కూడా నేర్చుకుంటారు.

బ్లేడుతో కోసేటప్పుడు ప్లాస్టిక్ స్కేలు వద్దు, ఇనుపది వాడండి. మొద్దుబారిన బ్లేడు మార్చండి.

రాత్రి పది దాటాక పని ఆపండి. అలసటలోనే "ఈ ఒక్కటీ చేసేస్తే అయిపోతుంది" అంటాం, కుర్చీ లాగేది కూడా అప్పుడే.

ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఎత్తు పని పెట్టుకోవద్దు. ఫోన్ జేబులో ఉంచుకోండి, టేబుల్ మీద కాదు. కింద పడ్డాక టేబుల్ అందదు.

ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. మీరు లేనప్పుడు బూజు కనబడిందని అమ్మ కుర్చీ ఎక్కకూడదు.

నిచ్చెన తిరిగి ఇచ్చే ముందు గదిని ఒకసారి పగటి వెలుతురులో చూడండి, చీకటి పడ్డాక లైటు వేసి ఇంకోసారి చూడండి. సీలింగ్ అంచులు, ఫ్యాన్ చుట్టూ, కిటికీల పైన. మచ్చ కనబడితే అప్పుడే దిద్దండి. ఇచ్చేశాక కనబడితే, వెళ్ళి మళ్ళీ అడిగి తెచ్చుకోండి.