ఇంటి కంప్యూటర్‌కు హార్డ్ డిస్క్ – 4వ పాఠం: పెంకుల కప్పులాంటి డిస్క్

3.5 అంగుళాల సైజు, సాటా (మదర్‌బోర్డుకు తగిలించే కనెక్షన్ రకం), 2 టీబీ, 7200 ఆర్‌పీఎం (నిమిషానికి డిస్క్ తిరిగే చుట్లు). ఈ నాలుగూ చూసి తెచ్చుకోండని పోయిన పాఠంలో రాశాను. చాలామంది అలాగే తెచ్చుకున్నారు. తర్వాత మీరు రాసినవాటిలో ఒకరి డ్రైవ్ కాపీ మధ్యలో బాగా నెమ్మదించిందని చదివి, ఈసారి చెప్పాలనుకున్న స్మార్ట్ రిపోర్టును (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క) పక్కన పెట్టాను. అది ముగించేలోపు మీ డ్రైవ్ వాపసు గడువు దాటిపోతుంది.

ముందు చిన్న విషయం. 2 టీబీ కొంటే 1.81 చూపిస్తోందని నలుగురు అడిగారు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే. 1 టీబీ అయినా 931 జీబీగానే కనిపిస్తుంది. దీని గురించి అంగడాయనతో గొడవపడొద్దు.

అసలు సమస్య తిరుచానూరులో పెళ్లి వీడియోలు తీసే తమ్ముడిది. "అన్నా, మొదట 180 ఎంబీ స్పీడు చూపించింది. కొంతసేపటికి 20కి పడిపోయింది. రాత్రి పెట్టిన కాపీ తెల్లారినా అయిపోలా" అన్నాడు. పాపం కేబుల్ మార్చాడు, పోర్టు మార్చాడు, విండోస్ కూడా మళ్లీ వేశాడు. డ్రైవ్ చెడిపోలేదు. అది ఎస్‌ఎంఆర్ (షింగిల్డ్ మాగ్నెటిక్ రికార్డింగ్, అంటే పెంకుల్లా పేర్చి రాసే) రకం. ఈ మాట నేను పోయినసారే చెప్పాల్సింది.

చంద్రగిరి వైపు పెంకుటిల్లు కప్పడం చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఒక వరుస అంచు మీద ఇంకో వరుస కూర్చుంటుంది. కింది పెంకు మార్చాలంటే పైవరుసలు ఎత్తి, మార్చి, మళ్లీ పేర్చాలి. ఎస్‌ఎంఆర్ డిస్క్‌లో డేటా గీతలు కూడా అలాగే ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. రాసే హెడ్డు వెడల్పు, చదివే హెడ్డు సన్నం కాబట్టి చదవడానికి ఇబ్బంది లేదు, అదే చోట ఎక్కువ డేటా పడుతుంది. కానీ మధ్యలో ఒక గీత మార్చాలంటే ఆ కట్టలో మిగతావి కూడా తిరగరాయాలి. ఆ పని మనకు కనపడకుండా ఉండటానికి డ్రైవ్ కొత్త డేటాను ముందు ఒక మూల పోసుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. మీరు ఆపకుండా 300 జీబీ పోస్తే ఆ మూల నిండిపోతుంది. స్పీడు పడేది అప్పుడే. సీఎంఆర్ అనే మామూలు రకం డ్రైవ్‌లో గీతలు విడివిడిగా ఉంటాయి, ఈ తంటా లేదు.

నాకు కోపం తెప్పించేది, ఈ తేడా పెట్టె మీద కనిపించకపోవడం. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డ్రైవ్‌లలో కొన్ని ఎస్‌ఎంఆర్ అని ఒప్పుకుంది. అప్పటిదాకా కొన్నవాళ్లకు కంపెనీ ఆ సంగతి చెప్పలేదు. అదే కంపెనీ డబ్ల్యూడీ బ్లూ 2 టీబీలో డబ్ల్యూడీ20ఈజెడ్ఆర్‌జెడ్ సీఎంఆర్, డబ్ల్యూడీ20ఈజెడ్ఏజెడ్ ఎస్‌ఎంఆర్. ఒక్క అక్షరం తేడా! సీగేట్ బారకుడాలో ఎస్‌టీ2000డీఎం008 కూడా ఎస్‌ఎంఆరే. దాని మీద 7200 అని ఉంటుంది. నా పాఠం నమ్మినవాళ్లకు దొరికింది అదే. కాబట్టి ఆర్‌పీఎం చూసి తేల్చుకోవద్దు, మోడల్ నంబరు మొత్తం రాసుకుని కంపెనీ ఇచ్చిన జాబితాలో వెతకండి. 2 టీబీ డ్రైవ్‌కు కాష్ (డ్రైవ్‌లోని చిన్న తాత్కాలిక మెమరీ) 256 ఎంబీ అని ఉంటే నేను వెంటనే అనుమానిస్తాను.

అమ్మవారి ఊరేగింపు ఫొటోలు, పిల్లల వీడియోలు ఒకసారి దాచి చూసుకునేవాళ్లకు ఎస్‌ఎంఆర్ చాలు, మార్చక్కర్లేదు. రోజూ ఎడిటింగ్ చేసేవాళ్లు, సీసీ కెమెరా రికార్డింగ్ పెట్టుకునేవాళ్లు మాత్రం తీసుకోవద్దు. మామూలు డెస్క్‌టాప్ డ్రైవ్‌లలో సీఎంఆర్ దొరక్కపోతే, సీఎంఆరే అయిన డబ్ల్యూడీ రెడ్ ప్లస్ గానీ సీగేట్ ఐరన్‌వుల్ఫ్ గానీ అడగండి. అవి నాస్ పెట్టెల (నెట్‌వర్క్ మీద అందరూ ఫైళ్లు దాచుకునే పెట్టెలు) కోసం చేసినవైనా మామూలు డెస్క్‌టాప్‌లో బాగా నడుస్తాయి. తిరుపతి ఎండకు నేనైతే 5400 వైపే మొగ్గుతాను, వేడి తక్కువ, చప్పుడు తక్కువ. విండోస్ ఎలాగూ ఎస్‌ఎస్‌డీలోనే ఉండాలి, దాని గురించి మళ్లీ చెప్పను.

అభ్యాసం: కొత్త ఖాళీ డ్రైవ్‌లోకి 300 జీబీ ఆపకుండా కాపీ చేయండి. పది నిమిషాలకోసారి స్పీడు కాగితం మీద రాయండి. తర్వాత అందులో మధ్యమధ్యలోంచి సగం ఫైళ్లు తీసేసి, వేరేవి 150 జీబీ ఎక్కించి మళ్లీ రాయండి. కరెంటు పోతే మొదటి నుంచి చేయాలి, కాబట్టి యూపీఎస్ మీద పెట్టండి. వాపసు గడువు రేపే ఉన్నవాళ్లు ఈ రాత్రే మొదలుపెట్టండి.