డ్రైవర్ ప్యాచ్‌కు ఓకే చెప్పే ముందు

బ్రహ్మోత్సవాలు దగ్గర పడుతున్నాయి. తిరుపతిలో లైనక్స్ నెట్‌వర్క్ డ్రైవర్ ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) రివ్యూ చేసే మిత్రులు, రద్దీ మొదలవకముందే ఇవి చూడండి.

– డీఎంఏ మ్యాపింగ్ (నెట్‌వర్క్ కార్డు నేరుగా మెమరీని వాడుకునేలా అడ్రసు ఇవ్వడం) ఫెయిలైందేమో చూసే చెక్ ఉందా? లేకపోతే కార్డు చెల్లని అడ్రసుతో పనిచేస్తుంది, మెమరీ పాడవచ్చు. క్రాష్ ఇంకెక్కడో కనబడుతుంది, వెతకడానికే రోజులు పోతాయి.

– ట్రాన్స్‌మిట్ ఫంక్షన్ 'బిజీ' అంటే ప్యాకెట్‌ను ఫ్రీ చేయకూడదు (దాని మెమరీని వదలకూడదు), కెర్నల్ (లైనక్స్ మూల భాగం) దాన్నే మళ్లీ పంపుతుంది. డ్రాప్ చేస్తే మాత్రం ఫ్రీ చేసి 'ఓకే' అనాలి. ఇక్కడ తడబడేవాళ్లే ఎక్కువ.

– ప్రోబ్ (డ్రైవర్ కార్డును సిద్ధం చేసే దశ) మధ్యలో ఆగితే, అప్పటిదాకా తీసుకున్న మెమరీ వంటి వనరుల్లో చివర తీసుకున్నది ముందు వదలాలి.

– వేగం పెరిగిందంటే అంకెలు అడగండి. 1500 బైట్లతోనే కాదు, 64 బైట్ల ప్యాకెట్లతోనూ. సీపీయూ మీద అసలు భారం చిన్న ప్యాకెట్లదే.