లండన్‌లో టెక్ కన్సల్టింగ్ అప్రెంటిస్‌గా చేరుతున్నారా?

అప్రెంటిస్‌గా చేరానని చెప్పగానే మా అమ్మమ్మ ఫోన్‌లో "ఆర్టీసీ డిపోలోనా?" అంది. ఆవిడ తప్పేం లేదు. మన దగ్గర ఆ మాట వింటే ఐటీఐ చేసి స్పానర్ పట్టిన కుర్రాడే గుర్తొస్తాడు. ఇంగ్లండ్‌లో 2015 నుంచి డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు కూడా ఉన్నాయి. మొదటి రోజు నుంచే ఉద్యోగం, జీతం. దాంతోపాటే యూనివర్సిటీ చదువు. ఫీజు మీ జేబులోంచి పోదు. జీతాల ఖర్చు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన కంపెనీలు 2017 నుంచి ప్రభుత్వానికి అందులో 0.5 శాతం లెవీ (ఒక రకం పన్ను) కడుతున్నాయి, అందులోంచే కోర్సుకు డబ్బు వస్తుంది.

ముందు వీసా సంగతి చూసుకోండి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఇది కుదరదు. మాస్టర్స్‌కి వచ్చిన మనవాళ్లు చాలామంది ఇక్కడే ఆశపడి దెబ్బతింటారు. నాలాగా నాన్న ఉద్యోగంతో కుటుంబంగా వచ్చినవాళ్లయితే, కోర్సు మొదలయ్యే నాటికి సాధారణంగా మూడేళ్లు ఇక్కడే నివాసం ఉండి ఉండాలి. పిల్లలు పదో తరగతిలో ఉండగా దిగినవాళ్లు ఆ లెక్క ఇప్పుడే వేసుకోండి.

ఇక పని. టెక్ కన్సల్టింగ్ అంటే వేరే సంస్థలకు టెక్నాలజీ పనులు చేసిపెట్టడం. అందుకే మన కంపెనీ ఆఫీసులో కంటే ఆ సంస్థ, అంటే క్లయింట్ దగ్గరే ఎక్కువ ఉంటాం. ఒక ప్రాజెక్ట్‌లో బ్యాంకు, తర్వాతి దాంట్లో ప్రభుత్వ శాఖ. మొదట్లో మీ చేతికి కోడ్ రాకపోవచ్చు. మీటింగ్ నోట్స్, టెస్టింగ్, స్లైడ్లు వస్తాయి. స్లైడ్లని చిన్నచూపు చూడకండి, క్లయింట్ డబ్బిచ్చేది చాలాసార్లు వాటిని చూసే. ప్రాజెక్ట్ లేకపోతే బెంచ్, అంటే తర్వాతి పని వచ్చేదాకా ఖాళీగా ఉండటం. హైదరాబాద్‌లో ఆ మాట వింటేనే టెన్షన్, ఇక్కడ అప్రెంటిస్‌కి అది చదువుకోవడానికి దొరికిన టైమ్.

నాకు దెబ్బ తగిలింది మాత్రం వేరే చోట. మూడో వారంలో మేనేజర్ "ఇది ఎప్పటికి అవుతుంది?" అని అడిగింది. పెద్దవాళ్లకి కాదని చెప్పకూడదనే అలవాటుతో "ఈరోజే" అన్నాను. రాత్రి రెండింటి దాకా కూర్చున్నా అవలేదు. పొద్దున ఆమె కోప్పడలేదు, "నిన్న నాలుగింటికే చెప్పి ఉంటే ఇంకొకరిని ఇచ్చేదాన్ని" అంది. అది తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకుంది. అప్పటినుంచి "నాకు తెలీదు, మధ్యాహ్నానికి కనుక్కుని చెప్తాను" అనడం నేర్చుకున్నాను. అన్నట్టు, మన తల ఊపడం వీళ్లకు అర్థం కాదు, నోటితో చెప్పాలి. సర్, మేడమ్ అనక్కర్లేదు, పేరు పెట్టే పిలవాలి. నాకైతే నెల రోజులు నోరు తిరగలేదు.

చదువు పని గంటల్లోనే జరగాలన్నది రూల్. ఆదివారాలు తినేసే వ్యవహారం కాదు. కానీ ప్రాజెక్ట్ ఒత్తిడిలో ఆ గంటల్ని అడిగి తీసుకోవాల్సింది మీరే. క్యాలెండర్‌లో ముందే బ్లాక్ చేయండి, క్లయింట్ మీటింగ్ వచ్చి పడితే ఇంకో రోజుకి జరపండి, వదిలేయకండి. రెండు లెక్కలు రాయాలి: కంపెనీకి టైమ్‌షీట్, కోర్సుకు లాగ్. లాగ్‌లో ఏం చేశారో, ఏం నేర్చుకున్నారో వారం వారం రాయండి. చివర్లో అసెస్‌మెంట్ ఉంటుంది. అక్కడ మీరు చేసిన పని గురించే ప్రశ్నలు వేస్తారు. ఏడాది కిందట ఏ బగ్ ఎలా పట్టుకున్నామో అప్పుడు ఎవరికి గుర్తుంటుంది? నేను మొదటి నాలుగు నెలలు రాయలేదు, పాత మెయిళ్లు తవ్వుకుని రెండు వారాంతాలు పోగొట్టుకున్నాను.

చేరేముందు ఈ-వీసా షేర్ కోడ్ (ఇక్కడ పనిచేసే హక్కు మీకుందని కంపెనీ ఆన్‌లైన్‌లో చూసుకునే కోడ్) అడుగుతారు, దగ్గర పెట్టుకోండి. లండన్‌లో ఉంటూ 18 నిండినవాళ్లకు అప్రెంటిస్ ఆయిస్టర్ కార్డుతో (ఆయిస్టర్ అంటే లండన్ బస్సులు, రైళ్లలో వాడే కార్డు) ట్రావెల్‌కార్డుల, అంటే పాసుల మీద 30 శాతం తగ్గుతుంది. అది అప్రెంటిస్‌షిప్ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకే. నాకు ఆ సంగతి తెలిసింది రెండో ఏడాదిలో.